డ్రోన్‌తో ఆయకట్టు పటం: నూరెకరాలకు లెక్కలు, నేల గుర్తులు, దొర్లే పొరపాట్లు

డ్రోన్‌ను గాల్లోకి లేపి ఫొటోలు తీయడం రెండు రోజుల్లో చేతికొస్తుంది. ఆ ఫొటోల నుంచి గట్టు ఎక్కడుందో బెత్తెడు తేడాలోపు చెప్పగల పటం తీయాలంటే మాత్రం పని నేల మీదే మొదలవ్వాలి. ఎంత ఎత్తున ఎగరాలి, ఫొటో మీద ఫొటో ఎంత మేర పడాలి, నేల మీద గుర్తులు ఎక్కడ పెట్టాలి, వాటిని దేనితో కొలవాలి అన్న నాలుగు సంగతులూ డ్రోన్ లేవకముందే తేలిపోవాలి. అక్కడ తప్పితే ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేరూ దిద్దలేదు. తప్పు పటం కూడా చూడ్డానికి చక్కగానే ఉంటుంది. అదే ప్రమాదం. దాన్ని నమ్మి ఎవరో ఒకరు గట్టు జరుపుతారు.

కింద చెప్పే లెక్కలన్నీ ఒకే ఉదాహరణ మీద నడుస్తాయి. కృష్ణా డెల్టాలో గుడివాడ వైపు వంద ఎకరాల మాగాణి అనుకుందాం. ఇంచుమించు చదరంగా ఉంది, ఒక్కో పక్క 636 మీటర్లు. కెమెరా ఒక అంగుళం సెన్సర్‌ది. 5472×3648 పిక్సెళ్ళు, లెన్సు ఫోకల్ దూరం 8.8 మిల్లీమీటర్లు, మెకానికల్ షట్టర్. ఫాంటమ్ 4 ఆర్‌టీకేలో ఉన్నది ఇదే. మీ కెమెరా వేరైతే అంకెలు మార్చుకోండి, పద్ధతి మారదు.

ముందు కాగితాలు

డ్రోన్ రూల్స్ 2021 ప్రకారం 250 గ్రాముల నుంచి 2 కిలోల లోపు బరువున్నది మైక్రో తరగతి. పైన చెప్పిన డ్రోన్ అందులోకే వస్తుంది. డబ్బు తీసుకుని సర్వే చేస్తే నడిపేవారికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. డ్రోన్‌కు ప్రత్యేక గుర్తింపు సంఖ్య, థర్డ్ పార్టీ బీమా ఉండాలి. డ్రోన్లు ఎక్కడ ఎగరొచ్చో రంగుల్లో చూపే ప్రభుత్వ పటం డిజిటల్ స్కైలో పొలం ఏ రంగులో పడిందో ఎగరేసే రోజునే చూడండి, ఆ రంగుల జోన్లు మారుతుంటాయి. ఆకుపచ్చలో 400 అడుగుల దాకా, అంటే సుమారు 120 మీటర్ల దాకా, విడిగా అనుమతి అక్కర్లేదు. విమానాశ్రయం ప్రహరీ నుంచి 8-12 కిలోమీటర్ల మధ్య అయితే ఆ హద్దు 200 అడుగులే. గన్నవరం, రేణిగుంట, శంషాబాద్ చుట్టుపక్కల పని ఒప్పుకునే ముందే ఇది చూసుకోవాలి. ఎందుకంటే ఎత్తు 100 నుంచి 60 మీటర్లకు దిగితే ఫొటోలు దాదాపు రెండున్నర రెట్లవుతాయి. లెక్క కింద ఉంది.

చాలామంది వదిలేసే సంగతి ఇంకొకటి ఉంది. కేంద్రం 2021 ఫిబ్రవరి 15న ఇచ్చిన జియోస్పేషియల్ మార్గదర్శకాల ప్రకారం, అడ్డంగా 1 మీటరు, నిలువుగా 3 మీటర్ల కన్నా సూక్ష్మమైన డేటాను దేశంలోనే భద్రపరచాలి, దేశంలోనే ప్రాసెస్ చేయాలి. డ్రోన్ పటం సెంటీమీటర్లలో ఉంటుంది కాబట్టి ఇది తప్పకుండా వర్తిస్తుంది. ఫొటోలను విదేశీ సర్వర్‌లో నడిచే క్లౌడ్ సేవకు ఎక్కించే ముందు ఆ సర్వర్ ఎక్కడుందో అడగండి. సొంత కంప్యూటర్లో చేసుకుంటే ఈ తలనొప్పే లేదు.

ఎత్తు లెక్క

నేల మీద ఒక్క పిక్సెల్ ఎంత మేర పరుచుకుంటుందో దాన్నే జీఎస్‌డీ అంటారు. ఎగిరే ఎత్తును సెన్సర్ మీది పిక్సెల్ సైజుతో గుణించి ఫోకల్ దూరంతో భాగిస్తే వస్తుంది. మన కెమెరాలో పిక్సెల్ 2.41 మైక్రాన్లు. వంద మీటర్ల ఎత్తులో జీఎస్‌డీ 2.74 సెంటీమీటర్లు. ఒక్కో ఫొటో నేల మీద 150 మీటర్ల వెడల్పు, 100 మీటర్ల పొడవు పట్టుకుంటుంది. ఈ రెండంకెలూ గుర్తుంటే మిగతావన్నీ పొలంలో నిలబడే లెక్కకట్టొచ్చు. 60 మీటర్లకు దిగితే 1.64 సెంటీమీటర్లు, 90×60 మీటర్లు.

కింద పడే కొలతల తేడా అడ్డంగా జీఎస్‌డీకి ఒకటి రెండింతలు, ఎత్తులో రెండు మూడింతలు ఉంటుందని అనుకుని లక్ష్యం పెట్టుకోండి. గుర్తులు సరిగ్గా కొలిస్తేనే సుమా. అంటే 100 మీటర్ల నుంచి తీస్తే గట్టు 3 నుంచి 5 సెంటీమీటర్ల తేడాలో, మట్టం 5 నుంచి 8 సెంటీమీటర్ల తేడాలో దొరుకుతుంది. మాగాణి గట్లకు ఇది చాలు. గ్రామకంఠంలో ఇరుకు సందులు, పక్కపక్కనే గోడలు ఉన్నచోట 60 మీటర్లకు దిగాలి.

ఇప్పుడు ఓవర్‌ల్యాప్, అంటే ఫొటో మీద ఫొటో పడే మేర. ఒకే గట్టు మూలను అయిదారు ఫొటోలు వేర్వేరు కోణాల్లో చూస్తేనే సాఫ్ట్‌వేర్ దాని స్థానం కనుక్కోగలదు. ముందుకు 80 శాతం, పక్కకు 70 శాతం పెట్టండి. వంద మీటర్ల ఎత్తులో ఫొటోకీ ఫొటోకీ దూరం 20 మీటర్లు, డ్రోన్ నేరుగా సాగే ఒక్కో వరుసను చాలు అనుకుంటే, చాలుకీ చాలుకీ దూరం 45 మీటర్లు. పొలం హద్దు దాటి రెండువైపులా ఒక్కో చాలు అదనంగా వేయాలి, లేకపోతే అంచు గట్లు ఒకటి రెండు ఫొటోల్లోనే పడి పటం అంచులు వంకరపోతాయి. ఈ లెక్కన 17 చాళ్ళు, చాలుకు 37 ఫొటోలు, మొత్తం 629. సెకనుకు 8 మీటర్ల వేగంతో రెండున్నర సెకన్లకు ఒక ఫొటో. గాల్లో ఉండేది అరగంట, రెండు బ్యాటరీల పని. మూడు తీసుకెళ్ళండి. అదే 60 మీటర్ల ఎత్తులో అయితే 1500 ఫొటోలు దాటుతాయి, గాల్లో గంటకు పైనే ఉండాలి.

ఈ లెక్క చదునైన డెల్టాకు. మెట్ట ప్రాంతంలో గుట్ట ఉంటే కథ మారుతుంది. డ్రోన్ చూపే ఎత్తు అది లేచిన చోటు నుంచి, దాని కింద ఉన్న నేల నుంచి కాదు. 40 మీటర్ల గుట్ట మీదుగా వెళ్తే 100 మీటర్ల ఎత్తు 60 అవుతుంది. ఫొటో 90×60 మీటర్లకు కుంచించుకుపోతుంది. దూరాలు మాత్రం 20, 45 మీటర్లే ఉంటాయి కాబట్టి ముందు ఓవర్‌ల్యాప్ 67 శాతానికి, పక్కది 50 శాతానికి పడిపోతుంది. పటంలో గుట్ట మీదే బొక్క పడుతుంది. నేల ఎత్తుపల్లాలను బట్టి డ్రోన్ తన ఎత్తు మార్చుకునే టెర్రైన్ ఫాలో ఉంటే వాడండి. లేకపోతే గుట్టను విడి బ్లాకుగా చేసి, దాని పైనుంచే డ్రోన్ లేపండి.

చేపల చెరువులు, కొబ్బరి తోటలు విడిగా చెప్పుకోవాలి. నీటి మీద పట్టుకోవడానికి సాఫ్ట్‌వేర్‌కు ఏ గుర్తూ ఉండదు, అలలు కదిలిపోతాయి. పదెకరాల చెరువు పక్క సుమారు 201 మీటర్లు, అంటే వంద మీటర్ల ఎత్తున కొన్ని ఫొటోల్లో నీళ్ళు తప్ప ఏమీ ఉండదు. అవి దేనితోనూ అతకవు. 120 మీటర్లకు ఎక్కి, ప్రతి ఫొటోలో ఏదో ఒక గట్టు పడేలా చాళ్ళ దిక్కు తిప్పండి. కొబ్బరి మట్టలు గాలికి ఊగుతాయి కాబట్టి ముందు ఓవర్‌ల్యాప్ 85 శాతం, పక్కది 80 శాతం చేయండి, గాలి లేని పొద్దుటిపూటే తీయండి.

నేల గుర్తులు

పని మొత్తంలో ఎక్కువ ఓపిక పెట్టాల్సింది ఇక్కడే. డ్రోన్‌లోని మామూలు జీపీఎస్ ఫొటో తీసిన చోటును మీటర్ల తేడాతో చెబుతుంది. దాన్ని సెంటీమీటర్లలోకి దించేవి నేల మీద పరిచి, రోవర్‌తో, అంటే కర్ర మీద బిగించి తిప్పే సూక్ష్మ జీపీఎస్‌తో, కొలిచిన గుర్తులు. వీటిని జీసీపీలంటారు.

వంద ఎకరాలకు గుర్తులు 6, తనిఖీకి విడిగా 4. మూలలకు నాలుగు. మరీ అంచున వద్దు, ఒక చాలు లోపలికి పెట్టండి. నడిమధ్యన ఒకటి తప్పనిసరి. ఆరోది అన్నిటికన్నా ఎత్తుగానో పల్లంగానో ఉన్నచోట. తనిఖీ గుర్తులను వాటి మధ్య ఖాళీల్లో వేసి, కొలిచి, ప్రాసెసింగ్‌లో వాడకుండా పక్కన పెట్టాలి. పటం నిజమా కాదా చెప్పేవి అవే. వాటిని కూడా లెక్కలో కలిపేస్తే తప్పు ఎక్కువైనా బయటపడదు.

గుర్తు 60 సెంటీమీటర్ల చదరం, నలుపూ తెలుపూ త్రికోణాలు ఒక్క బిందువు దగ్గర కలిసేలా. వంద మీటర్ల పైనుంచి ఇది 22 పిక్సెళ్ళుగా కనిపిస్తుంది, నడిమి బిందువు స్పష్టంగా తెలుస్తుంది. మెరిసే ఫ్లెక్సు ఎండలో తెల్లగా పేలిపోయి బిందువు కనపడకుండా చేస్తుంది. మ్యాట్ రకం కొనండి, లేదా ప్లైవుడ్‌కు మామూలు పెయింటు వేయండి. నాలుగు మూలలా మేకులు కొట్టండి. ఊరికే రాళ్ళు పెడితే గాలికి లేస్తుంది, మేకలు తొక్కి జరుపుతాయి. కొలిచాక జరిగిన గుర్తు, అసలు లేని గుర్తు కన్నా చేటు. తూము గోడ మీదో సిమెంటు రోడ్డు మీదో పెయింటుతో వేస్తే ఆ బెడదే ఉండదు. తూము అంచు దగ్గర మాత్రం వద్దు, అరడుగు పక్కకు జరిగితే మట్టం మీటరు మారుతుంది. గట్టు అంచుకూ అదే సూత్రం. చెట్టు కింద, కరెంటు తీగల కింద కూడా వద్దు.

కొలవడానికి రోవర్. సర్వే ఆఫ్ ఇండియా స్థిరమైన స్టేషన్లతో నడిపే కోర్స్ నెట్‌వర్క్‌లో నమోదు చేసుకుంటే ఫోన్ ఇంటర్నెట్ మీద దిద్దుబాట్లు వస్తాయి, ఆ దిద్దుబాట్లు పంపడానికి ఒకచోట నిలిపే సొంత పరికరం (బేస్) అక్కర్లేదు. తెర మీద ఫిక్స్ అని వచ్చాకే కొలవాలి. ఫ్లోట్ అని ఉంటే తేడా డెసీమీటర్లలో ఉంటుంది, ఒక్కోసారి అంతకు మించి. కర్రకున్న బుడగ నడిమికి తెచ్చి, రెండు కాళ్ళ ఊతంతో నిలబెట్టి, ఒక్కో గుర్తుకు రెండు నిమిషాల సగటు తీసుకోండి. అన్నీ అయ్యాక, గంట తేడాతో, మళ్ళీ మొదటి నుంచి కొలవండి. రెండు కొలతలకూ తేడా అడ్డంగా 2 సెంటీమీటర్లు, ఎత్తులో 3 సెంటీమీటర్లు దాటితే మూడోసారి కొలవాలి. కర్ర ఎత్తు 2 మీటర్లా 1.8 మీటర్లా అన్నది ఫీల్డు పుస్తకంలో చేత్తో రాయండి. కంట్రోలర్‌లో పాత ఎత్తు మిగిలిపోవడం రోజూ జరిగే తప్పు.

సొంత బేస్ పెట్టుకుంటే ఒక హెచ్చరిక. బేస్‌ను ఏదో ఒకచోట నిలబెట్టి తనంతట తానే స్థానం తీసుకోమంటే అది ఒకటి నుంచి మూడు మీటర్ల తేడాతో తీసుకుంటుంది. పటం లోపల గట్ల మధ్య దూరాలన్నీ సరిగ్గానే ఉంటాయి, పటం మొత్తం మాత్రం పక్కకు జరిగి ఉంటుంది. పక్క ఊరి పటంతో కలిపే రోజున గానీ ఇది బయటపడదు.

ఎగురుతుండగానే స్థానాన్ని సెంటీమీటర్లలోకి దిద్దుకునే ఆర్‌టీకే డ్రోన్‌లోనే ఉంటే ఇన్ని గుర్తులు అక్కర్లేదంటారు. అడ్డం కొలతకు అది చాలావరకు నిజమే. ఎత్తు విషయంలో కాదు. ఎండకు లెన్సు ఫోకల్ దూరం సన్నగా మారినా పటం మొత్తం పది సెంటీమీటర్లు పైకో కిందికో జరగొచ్చు. కనీసం ఒక గుర్తు, దానితోపాటు తనిఖీ గుర్తులు నాలుగూ ఉంచండి.

ఏ కాలంలో, ఏ వేళలో

గట్టు కనపడాలంటే చేలో పైరు ఉండకూడదు. కృష్ణా డెల్టాలో వరి కోయకముందే మినుము చల్లేస్తారు కాబట్టి డిసెంబర్‌లో ఖాళీ నేల దొరకదు. మినుము పొట్టి పైరు, గట్లను కప్పదు కనుక సరిహద్దులకు పరవాలేదు, మట్టాలకు పనికిరాదు. మినుము పీకాక కాలవలకు నీళ్ళొదిలే దాకా, అంటే మార్చి నుంచి మే దాకా, అసలైన అదును.

ఆ నెలల్లో ఎండ తంటా పెడుతుంది. ఈ అక్షాంశంలో మే మొదటి వారంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. కెమెరా నిటారుగా కిందికి చూస్తుంటే డ్రోన్ నీడ చుట్టూ తెల్లటి మచ్చ ఒకటి ప్రతి ఫొటోలోనూ పడుతుంది. నీళ్ళున్న మడి అయితే అద్దంలా మెరుస్తుంది. తొమ్మిదిన్నర నుంచి పదకొండు మధ్య తీయండి. నీడలు మరీ పొడుగ్గా ఉండవు, మధ్యాహ్నం వచ్చే సముద్రపు గాలి ఇంకా లేవదు, బ్యాటరీలూ కాగవు. చాలా డ్రోన్లకు తయారీదారు చెప్పే హద్దు 40 డిగ్రీలు, మేలో పొలం మధ్యన అది దాటిపోతుంది. బ్యాటరీలు కారు సీటులో కాక చెట్టు నీడన ఉంచండి. దించిన బ్యాటరీని చల్లారాకే ఛార్జింగుకు పెట్టండి. మబ్బు పూర్తిగా కమ్మి ఉంటే ఇంకా మంచిది, నీడలే ఉండవు. తెల్ల మబ్బులు ముక్కలు ముక్కలుగా తేలే రోజు మాత్రం పటం గళ్ళ దుప్పటిలా వస్తుంది.

కెమెరా అమరిక

షట్టర్ ప్రయారిటీలో సెకనుకు వెయ్యో వంతు పెట్టండి. సెకనుకు 8 మీటర్ల వేగంలో ఆ వెయ్యో వంతులో డ్రోన్ కదిలేది 8 మిల్లీమీటర్లు, పిక్సెల్‌లో మూడో వంతు కూడా కాదు. అయిదువందో వంతుకు తగ్గితే 16 మిల్లీమీటర్లు, సగం పిక్సెల్ దాటేస్తుంది, ఫొటోలు అలుక్కుపోవడం మొదలవుతుంది. వెలుతురు తక్కువైతే ఐఎస్‌ఓ 400 దాకా పెంచండి. అప్పటికీ చాలకపోతే షట్టర్ జోలికెళ్ళకుండా డ్రోన్ వేగం తగ్గించండి.

మెకానికల్ షట్టర్ లేని కెమెరా సెన్సర్‌ను వరుస వరుసగా చదువుతుంది. ఆ చదవడానికి ముప్పయ్యో వంతు సెకను పట్టిందంటే ఫొటో పై వరుసకూ కింది వరుసకూ మధ్య డ్రోన్ 27 సెంటీమీటర్లు, అంటే పది పిక్సెళ్ళు జరిగిపోతుంది. అలాంటి డ్రోనే చేతిలో ఉంటే వేగం సగానికి తగ్గించి, సాఫ్ట్‌వేర్‌లో రోలింగ్ షట్టర్ దిద్దుబాటు పెట్టాలి.

ఫోకస్ ఒకసారి దూరంలోని వస్తువు మీద కుదిర్చి, మాన్యువల్‌కు మార్చి బిగించేయండి. వైట్ బ్యాలెన్సు కూడా ఎండకు కుదిర్చి కదలకుండా ఉంచండి. లెన్సు వంపును కెమెరానే సరిచేసే డిస్టార్షన్ కరెక్షన్ ఆపేయాలి. ఆ వంపును సాఫ్ట్‌వేర్ తనే లెక్కగడుతుంది, ముందే దిద్దిన ఫొటో ఇస్తే దాని లెక్క తప్పుతుంది.

ఎగరేయడం

తీగలు, టవర్లు, కొబ్బరిచెట్ల ఎత్తు చూసుకుని, ఇంటికి తిరిగొచ్చే ఎత్తును వాటికన్నా పైన పెట్టండి. దిక్సూచిని ట్రాన్స్‌ఫార్మర్ పక్కన, ఇనుప కల్వర్టు మీద క్యాలిబ్రేట్ చేయొద్దు. గద్దలు తిరుగుతుంటే కాసేపు ఆగడమే మేలు. మీదికొస్తే డ్రోన్‌ను పైకి లేపండి, కిందికి దించితే వెంటపడతాయి.

నిటారు ఫొటోలు అయిపోయాక ఇంకొక్క పని ఉంది, దాన్ని వదలొద్దు. కెమెరాను నిటారు నుంచి ఇరవై పాతిక డిగ్రీలు వాల్చి, మొదటి చాళ్ళకు అడ్డంగా నాలుగైదు చాళ్ళు తిరిగి రండి. అన్ని ఫొటోలూ ఒకే ఎత్తు నుంచి సమాంతరంగా కిందికే చూస్తే సాఫ్ట్‌వేర్ లెన్సు వంపునూ నేల వంపునూ విడదీయలేదు. చదునైన చేను నడుమ ఉబ్బి గొడుగులానో, పల్లంగా గిన్నెలానో వస్తుంది. వాలు ఫొటోలూ నడిమి గుర్తూ కలిసి ఆ ఉబ్బును దించేస్తాయి.

దించిన వెంటనే అక్కడే ల్యాప్‌టాప్‌లో ఫొటోల లెక్క చూసుకోండి. ప్రతి చాలులో ఒకటి రెండు తెరిచి వంద శాతానికి పెంచి, పిక్సెళ్ళు పదునుగా ఉన్నాయో లేదో చూడండి. వీలైతే ఫొటోలను అతికే వెబ్‌ఓడీఎం సాఫ్ట్‌వేర్‌లో ఫాస్ట్ ఆర్థోఫొటో (అతికిన పటం, క్లుప్తంగా ఆర్థో) ఒకటి పొలం గట్టునే తీస్తే బొక్కలు అప్పుడే తెలుస్తాయి. గుర్తులు ఎత్తేయడం అన్నిటికన్నా చివర.

ప్రాసెసింగ్

మెటాషేప్, పిక్స్‌ఫోర్‌డీ బాగా పనిచేస్తాయి, లైసెన్సు కొనాలి. వెబ్‌ఓడీఎం ఉచితం, ఈ పనికి సరిపోతుంది. 250 ఫొటోలకు 16 జీబీ ర్యామ్, 500కు 32 జీబీ అన్నది దాని మామూలు లెక్క. మన 629 నిటారు ఫొటోలకు వాలువి కలిశాక 32 జీబీ చాలదు. 64 జీబీ ఉండాలి, లేదా స్ప్లిట్ ఆప్షన్‌తో ముక్కలు చేసి నడపాలి. ర్యామ్ చాలకపోతే పని సగంలో కారణం చెప్పకుండా ఆగిపోతుంది, తప్పు ఫొటోల్లో ఉందనుకుని మళ్ళీ పొలానికి పరుగెత్తకండి.

గుర్తుల ఫైలు మొదటి వరుసలో కోఆర్డినేట్ పద్ధతి, అంటే స్థానాలు ఏ లెక్కన రాశారో, ఉండాలి. ఇక్కడే ఎక్కువమంది జారతారు. ఆంధ్ర, తెలంగాణల్లో చాలా భాగం 78-84 డిగ్రీల తూర్పు రేఖాంశాల మధ్య ఉంది కనుక, భూమిని ఆరేసి డిగ్రీల పట్టీలుగా (జోన్లుగా) విడదీసి మీటర్లలో కొలిచే యూటీఎం పద్ధతిలో, 44 ఉత్తర జోన్. సాఫ్ట్‌వేర్‌లో దాని కోడ్ ఈపీఎస్‌జీ 32644. కానీ అనంతపురం, హిందూపురం, తాండూరు, జహీరాబాద్, నారాయణపేట 78 డిగ్రీలకు పడమటన ఉన్నాయి, వాటికి 43వ జోన్. పలాస, ఇచ్ఛాపురం 84 దాటాయి, అవి 45వ జోన్. మహబూబ్‌నగర్, కర్నూలు జోన్ గీతకు ఆనుకునే ఉన్నాయి. అక్కడ పొలం ఏ వైపు పడిందో చూసి ఒకే జోన్ పట్టుకుని చివరిదాకా దాన్నే వాడండి.

ఫైలులో ఒక్కో వరుసకూ తూర్పు, ఉత్తరం, ఎత్తు, ఫొటోలో పిక్సెల్ స్థానం, ఫొటో పేరు. ఒక్కో గుర్తును ఆరేడు ఫొటోల్లో చూపండి, గుర్తు ఫొటో అంచున కాక నడుమ పడ్డవే ఎంచుకోండి. ఆర్థో రెజల్యూషన్ 3 సెంటీమీటర్లు పెట్టండి. ఒక సెంటీమీటరు అడిగినా ఇస్తుంది, ఫైలు తొమ్మిదింతలవుతుంది, కొత్తగా కనిపించేది మాత్రం ఏమీ ఉండదు. డీఎస్‌ఎం, డీటీఎం రెండూ అడగండి. మొదటిది చెట్లు, కప్పులతో సహా పైమట్టం, రెండోది వాటిని తీసేసిన నేల మట్టం.

తప్పు ఎక్కడుందో పట్టుకోవడం

తనిఖీ గుర్తులు నాలుగింటినీ పటంలో వెతికి, రోవర్ కొలతతో పోల్చండి. అడ్డంగా తేడాలు 3, 4, 2, 5 సెంటీమీటర్లు వచ్చాయనుకుందాం. వర్గాలు కలిపితే 54, నాలుగుతో భాగిస్తే 13.5, వర్గమూలం 3.7 సెంటీమీటర్లు. మన లక్ష్యం లోపలే ఉంది. సాఫ్ట్‌వేర్ రిపోర్టులో గుర్తుల తేడా 0.8 సెంటీమీటర్లని చూసి సంబరపడొద్దు, అది తనకు ముందే చెప్పిన జవాబును తిరిగి అప్పజెప్పడమే.

తేడా ఎక్కువ వస్తే, అది ఎలా వచ్చిందన్నదే కారణం చెబుతుంది. నాలుగూ ఒకే దిక్కుకు ఒకే దూరం జరిగితే బేస్ స్థానం తప్పు. అంచుల్లో సరిపోయి నడుమ మాత్రం ఎత్తు తేడా వస్తే ఉబ్బు. వాలు ఫొటోలు లేవనో నడిమి గుర్తు సరిగా పెట్టలేదనో అర్థం. ఒక్కటే తప్పితే కర్ర వంగింది, లేదా ఫొటోలో వేరే బిందువు మీద నొక్కారు. ఎత్తులో సరిగ్గా 20 సెంటీమీటర్ల తేడా ఉంటే కర్ర ఎత్తు చూడండి.

ఎత్తు 60 నుంచి 90 మీటర్ల దాకా తప్పితే కంగారు పడక్కర్లేదు. రోవర్ ఇచ్చేది ఎలిప్సాయిడ్ మీది ఎత్తు, అంటే భూమి ఆకారానికి లెక్క కోసం అనుకున్న నున్నటి గోళం మీది ఎత్తు. మన ప్రాంతంలో సముద్రమట్టం ఆ ఎలిప్సాయిడ్‌కు అంత లోతున ఉంటుంది, కాబట్టి తీరం దగ్గర పొలం ఎత్తు మైనస్‌లో కనపడటం సహజం. గుర్తులన్నీ ఒకే రకం ఎత్తులో ఉన్నాయో లేదో చూసుకుని, కాలవ పనికి ఇచ్చే ముందు జియాయిడ్ మోడల్‌తో సముద్రమట్టపు ఎత్తుకు మార్చండి. ఆ ఊళ్ళో బెంచ్‌మార్కు రాయి ఉంటే దాని మీద ఒకసారి సరిచూడండి.

మట్టాల సంగతిలో ఒక మాట గట్టిగా చెప్పాలి. 8 సెంటీమీటర్ల తేడా ఉన్న పటం నుంచి పాతిక సెంటీమీటర్ల కాంటూర్ల (సమాన ఎత్తు గీతల) కన్నా దగ్గరగా గీయడం తగదు. డెల్టాలో బోదెల వాలు చాలా తక్కువ. నీరు ఎటు పారుతుందో తేల్చడానికి ఈ పటం చాలదు, ఆటో లెవెల్ పట్టుకుని నడవాల్సిందే.

గట్లు గీయడం, ఎకరాలు లెక్కకట్టడం

పటాలు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో ఆర్థో తెరిచి, 1:250 స్కేలు దగ్గర గీయండి. స్నాపింగ్, టోపలాజికల్ ఎడిటింగ్ రెండూ వేసుకుంటే పక్క పక్క మళ్ళకు ఒకే గీత ఉంటుంది, మధ్యన సందులు రావు. గూగుల్ ఉపగ్రహ చిత్రంతో కలవలేదని ఆర్థోను జరపొద్దు. ఆ చిత్రం మీటర్ల తేడాలో ఉండొచ్చు, మీరు కొలిచిన గుర్తులే నమ్మదగ్గవి.

గీత గట్టు నడిమినా, చేను వైపు అంచునా అన్నది మొదలెట్టే ముందే ఒకటి అనుకుని అంతటా అదే పాటించాలి. రెండడుగుల గట్టున్న ఎకరం మడికి చుట్టుకొలత సుమారు 254 మీటర్లు. నడిమికి బదులు లోపలి అంచున గీస్తే సుమారు 77 చదరపు మీటర్లు, అంటే దాదాపు రెండు సెంట్లు తగ్గిపోతుంది. వంద ఎకరాల్లో గొడవలు పుట్టేది ఇలాంటి చోటే.

ఇంకో తేడా ప్రొజెక్షన్‌లోనే దాగి ఉంది. యూటీఎం 44వ జోన్ నడిమి గీత 81 డిగ్రీల రేఖాంశం, గుడివాడ దాదాపు దాని మీదే ఉంది. ఆ గీత మీద స్కేలు 0.9996. నేల మీది వెయ్యి మీటర్లు పటంలో 999.6 అవుతాయి. వైశాల్యంలో వంద ఎకరాలకు ఎనిమిది సెంట్లు తక్కువ చూపుతుంది. హైదరాబాద్ ఆ గీతకు దూరంగా ఉండటంతో అక్కడ తిరగబడుతుంది, వంద ఎకరాలకు దాదాపు నాలుగు గుంటలు ఎక్కువ వస్తుంది. అందుకని వైశాల్యాన్ని బల్లపరుపు లెక్కన కాకుండా ఎలిప్సాయిడ్ మీద తీయాలి. క్యూజీఐఎస్ ఫీల్డ్ కాలిక్యులేటర్‌లో డాలర్ గుర్తుతో మొదలయ్యే ఏరియా ఫంక్షన్ ఆ పని చేస్తుంది. జామెట్రీని లోపల పెట్టి రాసే ఏరియా ఫంక్షన్ బల్లపరుపు లెక్కే ఇస్తుంది. వచ్చిన చదరపు మీటర్లను 40.47తో భాగిస్తే సెంట్లు, 101.17తో భాగిస్తే గుంటలు.

ఎఫ్ఎంబీతో పోల్చేటప్పుడు

రైతులు వెంటనే అడిగేది పాత ఎఫ్ఎంబీ, అంటే సర్వే శాఖ కొలతల పటం, దీని మీద పెట్టి చూపమని. తెలంగాణలో టిపన్. పెట్టొచ్చు, కానీ గట్ల మీద కుదర్చకూడదు. గట్లు ఏళ్ళ తరబడి జరుగుతూ వచ్చాయి. నేల మీద ఇప్పటికీ నిలిచి ఉన్న సర్వే రాళ్ళు, ముఖ్యంగా మూడు పొలిమేరలు కలిసే చోటి రాళ్ళు వెతికి, రోవర్‌తో కొలిచి, వాటి మీద కుదర్చండి. ఎఫ్ఎంబీని పక్కకు జరపండి, తిప్పండి, అంతవరకే. రబ్బరులా సాగదీసి గట్లకు అతికిస్తే చూడ్డానికి బాగా కలుస్తుంది, ఏ మడిలో ఎంత తేడా ఉందో మాత్రం మాయమైపోతుంది. ఆ తేడా చూడ్డానికే కదా అడిగింది.

కేంద్రం 2020 ఏప్రిల్ 24న మొదలుపెట్టిన స్వామిత్వ పథకంలో గ్రామకంఠాలను సర్వే ఆఫ్ ఇండియా డ్రోన్లతోనే పటాలకెక్కిస్తోంది, ఆంధ్రప్రదేశ్ భూముల రీసర్వేలోనూ డ్రోన్లు, కోర్స్ రోవర్లు వాడారు. అక్కడ కూడా ఫొటో మీద గీసిన గీతను నేల మీద యజమానులకు చూపి ఖాయం చేసుకునే దశ ఉంటుంది. ప్రైవేటుగా మీరు తీసిన పటానికి ఆ హోదా లేదు. అది గట్టు ఎక్కడుందో చూపుతుంది, హద్దు ఎక్కడుండాలో చెప్పే అధికారం మండల సర్వేయరుది.

కనుక పటం చేతికిచ్చేటప్పుడు మూలన ఇవి రాసి ఉండాలి: ఎగరేసిన తేదీ, ఎత్తు, జీఎస్‌డీ, కోఆర్డినేట్ జోన్, ఎత్తులు ఏ ఆధారం మీద కొలిచారు, తనిఖీ గుర్తులెన్ని, వాటి మీద వచ్చిన తేడా ఎంత, గీత గట్టు నడిమిదా అంచుదా, వైశాల్యం ఏ పద్ధతిలో తీశారు. చివర్న ఎర్ర అక్షరాల్లో, ఇది సరిహద్దు నిర్ధారణ పత్రం కాదని. ఆర్థో జియోటిఫ్ కంప్రెస్ చేయకపోతే రెండు జీబీ దాటుతుంది, రైతు ఫోన్లో తెరుచుకోదు. అతనికి ఎంబీటైల్స్ అనే తేలికైన ఫైలు చేసి, ఫోన్లో పటాలు చూపే క్యూఫీల్డ్ యాప్‌లో తెరిచి చూపించండి. అసలు ఫొటోలు, గుర్తుల ఫైలు, రోవర్ ముడి కొలతలు మాత్రం రెండు చోట్ల దాచండి. రెండేళ్ళ తర్వాత గట్టు జరిగిందని ఎవరైనా వస్తే మళ్ళీ లెక్కగట్టి చూపించడానికి అవే ఆధారం.